జమ్లి తెచ్చిన నల్ల బిళ్ల

భద్రాచలం బస్టాండు పక్క సందులో సర్వర్‌కు గడియారాల దుకాణం ఉంది. దుకాణమంటే ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె, వాటి వెనక ఒక మనిషి కూర్చునేంత జాగా. వాళ్ల నాన్న కాలంలో సారపాక కాగితం మిల్లులో షిఫ్టుకు పోయే ప్రతివాడి చేతికీ వాచీ ఉండేది. అది ఆగితే ఆగమాగమై గోదావరి వంతెన దాటి వచ్చేవాళ్లు. ఇప్పుడు టైము ఫోన్లోనే ఉంది. గోడ గడియారానికి సెల్లు వేయడం, పెళ్లిలో పెట్టిన వాచీకి బెల్టు మార్చడం, అంతకు మించి పనిలేదు.

భార్య గుల్నాజ్ పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. దుకాణం వెనకే కిరాయి గది. పొద్దున లేచి షట్టర్ ఎత్తడం, మధ్యాహ్నం నమాజుకు పోయి రావడం, చీకటి పడగానే షట్టర్ దించడం. "సెల్లు అయిపోయింది", "రేపు రాండ్రి" అనే రెండు మాటలతో రోజు గడిచిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆయనకున్న సోకల్లా తపాలా బిళ్లలు. చిన్నప్పటి నుంచీ పోగేస్తున్నాడు. దానికి జోడీ హరిలాల్ అని, తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ బల్ల మీద ఆల్బమ్‌లు పరుచుకుని, ఒక బిళ్ల అంచు పళ్లు లెక్కపెట్టుకుంటూ, ఇంకో బిళ్ల రంగు గురించి కొట్లాడుకుంటూ పొద్దు గడిపేవాళ్లు. కరోనా రెండో విడత వచ్చినప్పుడు హరిలాల్ పోయాడు. ఆ తర్వాత ఆల్బమ్‌లు బయటికి రాలేదు. గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన ఒక్క పేజీ మాత్రం అట్లాగే ఉండిపోయింది.

జమ్లి కంట పడింది ఆ ఫ్రేమే.

ఆమె దుమ్ముగూడెం వైపు ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. యాభై దాటిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. వారానికోసారి హాస్టల్ సరుకుల కోసం ఆటోలో భద్రాచలం వస్తుంది. ఎండలు ముదిరి, వానలు ఇంకా పడని రోజుల్లో, హాస్టల్ గోడ గడియారం పట్టుకొని సర్వర్ దగ్గరికి వచ్చింది. ఆయన సెల్లు వేస్తుంటే గోడ వైపే చూస్తూ నిలబడింది.

"సాబ్, గా బిళ్లలన్నీ మీవేనా?"

"అవ్. అమ్మేటివి గావు. ఉత్తగ సోకు."

"పాత బిళ్ల చూస్తే ఏ దేశానిదో, ఎంత విలువైందో చెప్తరా?"

"చూస్తె చెప్త. తెల్వకుంటె పుస్తకం తీస్త."

మళ్లీ వారం వచ్చినప్పుడు జాకెట్టులోంచి చిన్న పర్సు, పర్సులోంచి మందు బిళ్లలు వేసిచ్చే ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో గోరంత నల్ల కాగితం. సర్వర్ పట్టకారతో దాన్ని బయటికి తీసి భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ఎడమ వైపుకి తిరిగిన ఒక స్త్రీ ముఖం. జుట్టులో గోధుమ కంకులు. పైన ఫ్రెంచి అక్షరాలు. కింద ఇరవై అనే అంకె.

"నీకెక్కడిదమ్మా ఇది?" అన్నాడు.

జమ్లి స్టూలు మీద కూర్చుని చెప్పింది. చిన్నప్పుడు వాళ్లమ్మకు క్షయ వస్తే, అడవిలో చర్చి సిస్టర్లు నడిపే చిన్న దవాఖానాలో చేర్చారు. అమ్మ బతకలేదు. బిడ్డను తీసుకుపోవడానికి తండా నుంచి ఎవరూ తొందరగా రాలేదు. అక్కడే వంటింట్లో తిరుగుతూ పెరిగింది. క్లేర్ సిస్టర్ అని ఫ్రాన్సు ఆమె, పప్పులో పోపు ఎట్లా పెట్టాలో కూడా తెలియని మనిషి, జమ్లికి అక్షరాలు నేర్పింది, జ్వరమొస్తే పక్కన పడుకోబెట్టుకుంది. ఒక ఏడు ఆమెను వాళ్ల దేశానికి తిరిగి పిలిచారు. పోయే ముందు పిల్లలందరికీ దుప్పట్లు, స్టీలు డబ్బాలు పంచింది. జమ్లి చేతిలో మాత్రం ఈ కాగితం పెట్టి, "చాలా పాతది, విలువైనది, దాచుకో" అంది.

"అందరు నవ్విన్రు సాబ్. దుప్పటి గూడ దొరకలే దీనికి అని. పోయిన నెల తెల్సింది, సిస్టర్ వాళ్ల ఊర్ల చచ్చిపోయిందంట. అప్పటి సంది ఒకటే మనసుల దొలుస్తున్నది. ఇది నిజంగ విలువైందా, లేకుంటె ఏడుస్తున్న పోరి చేతుల ఏదో ఒకటి పెట్టి పోయిందా? గదొక్కటి తెల్వాలె నాకు. అమ్ముకునేదానికి గాదు."

"ఇప్పుడే చెప్పలేనమ్మా. ఇసుంటి వాటికి దొంగవి శానా ఉంటయ్. నా దగ్గర వదిలి పెట్టిపోతవా?"

జమ్లి ఆయన ముఖంలోకి ఒకసారి సూటిగా చూసింది. "పెట్టుకో," అని లేచిపోయింది.

మర్నాడు పొద్దున వెలుతురు బాగా వచ్చాక సర్వర్ పని మొదలుపెట్టాడు. పక్క బట్టల దుకాణంలో దొంగనోట్లు చూసే నీలం లైటు అడిగి తెచ్చాడు. కొత్త కాగితమైతే ఆ లైటు కింద తెల్లగా మెరుస్తుంది. ఇది మెరవలేదు. పాత కాగితం మాదిరే మందంగా, మట్టి రంగులో ఉండిపోయింది. ఆల్బమ్‌ల కిందున్న కేటలాగు దుమ్ము దులిపి, బొమ్మతో పోల్చి చూశాడు. కంకుల గీతలు, మెడ కింది నీడ, అంచున ముత్యాల వరస, అన్నీ సరిపోయాయి. ముఖం మీద పడిన తపాలా ముద్ర కూడా ఆ కాలంలో వాడిన, గళ్లు గళ్లుగా ఉండే జల్లెడ ముద్రే. పళ్లు కత్తిరించి పాతదానిలా చూపించే మోసం ఒకటుంటుంది, అది కూడా కాదు. ఈ నల్ల బిళ్లను ఆ దేశం పళ్లతో ఎప్పుడూ అచ్చేయనే లేదు; అప్పటికి బిళ్లలకు పళ్లే లేవు. పద్దెనిమిది వందల నలభై తొమ్మిది. ఫ్రాన్సు దేశం అచ్చేసిన మొట్టమొదటి తపాలా బిళ్ల.

"హరిలాల్, ఇగ చూడు!" అన్నాడు పైకే.

సందులో ఎవరో ఆటో స్టార్టు చేశారు. సర్వర్ కాసేపు భూతద్దం తీయకుండా అట్లాగే కూర్చున్నాడు.

తర్వాత వెల సంగతి చూశాడు. గడియారాలు కడిగే పెట్రోలు నాలుగు చుక్కలు నల్ల మూకుడులో వేసి, బిళ్లను బోర్లా పెట్టాడు. వెనక వైపు మధ్యలో ఒక నల్ల మచ్చ తేలింది. ఉత్తరం మీద నుంచి ఒలిచేటప్పుడు కాగితం పొర ఊడి అక్కడ పలచబడింది. కుడి వైపు అంచు కూడా బొమ్మలోకి కోసుకుపోయింది. మొదటి బిళ్లే కావచ్చు, కానీ ఆ బిళ్లను కోట్ల లెక్కన అచ్చేశారు. దెబ్బ తగలనిదైతే కొంచెం పలుకుతుంది. ఇట్లాంటిదానికి నాలుగైదు వందలు ఇస్తే ఎక్కువ.

చెప్పాల్సింది అంతే. అసలుదేనమ్మా, పాతదేనమ్మా, వెల మాత్రం ఇంత. రెండు నిమిషాల మాట.

వారం తిరిగి జమ్లి వచ్చింది. చిన్న డబ్బాలో ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చింది. "పిల్లలకు చేసిన, నీకు గూడ తెచ్చిన భాయ్," అంది. సాబ్ పోయి భాయ్ వచ్చింది. సర్వర్ లడ్డూ కొరికాడు. దుకాణంలో కూర్చుని ఇంకో మనిషి ఎదురుగా ఏదైనా తిని ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు.

"తెల్సిందా?" అంది జమ్లి.

చెప్పబోయాడు. చెబితే ఆమె కవరు తీసుకుని లేస్తుంది. మళ్లీ గోడ గడియారం ఆగేదాకా ఈ సందులోకి రావాల్సిన పనే ఉండదు.

"ఇంక జర చూడాలె," అన్నాడు.

ఆ అబద్ధం అట్లా మొదలైంది. ఒక వారం రంగు చూడాలన్నాడు, మబ్బు పట్టింది కాబట్టి కుదరలేదన్నాడు. ఒక వారం హైదరాబాద్ నుంచి పెద్ద పుస్తకం తెప్పిస్తున్నానన్నాడు. జమ్లి అడగడం, ఆయన ఏదో ఒకటి చెప్పడం ఒక్క నిమిషంలో అయిపోయేది. తర్వాత కిరాణాలో సరుకులు కట్టేదాకా మాటలే. ఇంటికి పోవాలని మొదటి నెల రోజులూ ఏడ్చే పిల్లలకు పెరుగన్నంలో చక్కెర వేసి ఎట్లా ఊరుకోబెడుతుందో చెప్పేది. సిస్టర్ నేర్పిన ఫ్రెంచి పాట ఒకటి, అర్థం తెలియకుండానే పాడి వినిపించింది. సర్వర్ ఒక రోజు గుల్నాజ్ గురించి చెప్పాడు. ఆమెకు గడియారాల చప్పుడు గిట్టేది కాదని, గదిలో ఉన్నవన్నీ ఆపేసి పడుకునేదని. ఆ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

సరుకుల రోజు వస్తుందంటే ముందురోజే గడ్డం గీసుకునేవాడు. రెండు కొత్త చాయ్ గ్లాసులు కొన్నాడు. బట్టల దుకాణం ఉబేద్ అది గమనించి, "ఏంది చాచా, ఈద్ ముందే వచ్చిందా?" అని నవ్వాడు. సర్వర్ సిగ్గుపడి పక్కకు తిరిగాడు. ఒక్కొక్కసారి మధ్యాహ్నం పూట తను చేస్తున్నది తప్పని తోచేది. వచ్చే వారం చెప్పేస్తాలే అనుకునేవాడు.

వానలు పడ్డాయి. పైనుంచి నీళ్లొచ్చి గోదావరి నిండింది. మొదటి ప్రమాద హెచ్చరిక, వెంటనే రెండోది ఇచ్చారు. దుమ్ముగూడెం రోడ్డు మీదికి నీళ్లెక్కి బండ్లు ఆగిపోయాయి. సర్వర్ సాయంత్రాలు కరకట్ట మీదికి పోయి, కొట్టుకొస్తున్న చెట్లను చూస్తూ నిలబడేవాడు. జమ్లికి ఫోన్ చేయాలనుకున్నాడు. నంబరు అడిగి తీసుకోనేలేదు. బిళ్ల మాత్రం గాజు పలకల మధ్య భద్రంగా తన దగ్గరే ఉంది.

వరద తీసింది. సరుకుల రోజు వచ్చింది. జమ్లి రాలేదు. దుకాణం ముందు ఒక బైకు ఆగింది. ముప్పై ఏళ్ల మనిషి, మిల్లు కాంట్రాక్టు వర్కర్ల నీలం చొక్కా.

"సర్వర్ నువ్వేనా? నేను కోటేష్‌ను. జమ్లి నాకు చిన్నమ్మ, తండాలున్న ఆమె అక్క కొడుకును. మా చిన్నమ్మ బిళ్ల ఇయ్యి."

"ఆమెకు ఒంట్లో బాగుందా?"

"ఆమె సంగతి నీకెందుకు? ఇగో చూడు." ఫోన్ ముఖం ముందు పెట్టాడు. అదే నల్ల బిళ్ల, అదే ముఖం, కింద లక్షల్లో వెల. "చిన్నమ్మ నీకియ్యక ముందే ఫోటో తీసిన. నిన్న ఎతికితే తెల్సింది. నెలల సంది ఇగ చూస్త, అగ చూస్త అని తిప్పుతున్నవంట. చదువురాని ఆడమనిషి అనుకున్నవా? అడవోళ్లు, వీళ్లకేం తెల్సు అనుకున్నవా?"

సందులో నలుగురు ఆగారు. ఉబేద్ గల్లా వదిలి బయటికి వచ్చాడు. ఏం చెప్పినా దొంగ చెప్పే మాటలానే ఉంటుందని సర్వర్‌కు ఆ క్షణం తెలిసింది.

"ఇస్త బిడ్డా," అన్నాడు చివరికి. "కని నీ చేతికి ఇయ్య. ఆమె ఇచ్చింది, ఆమె చేతుల్నే పెడ్త. పా, నన్ను తీస్కపో."

కోటేష్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఎక్కు," అన్నాడు.

గాజు పలకలు రుమాలులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, సర్వర్ బైకు వెనక కూర్చున్నాడు. కోటేష్ కావాలనే అన్నట్టు గుంతల్లో దూకిస్తూ నడిపాడు. దారి పొడుగునా చేలల్లో వరద వదిలిపోయిన ఒండ్రు, కంచెలకు చిక్కుకున్న గడ్డి. సర్వర్ ఒక చేత్తో సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో జేబు అదిమిపెట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

హాస్టల్ వంటింటి వరండాలో జమ్లి చాటలో బియ్యం ఏరుతోంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది. ముఖంలో కోపం లేదు. ఏమీ లేదు. సర్వర్‌కు దానికే ఎక్కువ భయమేసింది.

రుమాలు విప్పి గాజు పలకలు ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు ఇది తీస్కో. నీది నీకు చేరింది. ఇగ చెప్త. ఇది అసలుది. దొంగది గాదు. ఆ దేశంల పుట్టిన మొట్టమొదటి బిళ్ల. కోటేష్ చూపెట్టినవి ఒక్క గీత పడనివి, వాడనివి, దొరకని రకాలు. నీదానికి ఎనక పొర ఊడింది, అంచు తెగింది. దీనికి నాలుగైదు వందలొస్తయ్. నా మాట మీద నమ్మకం లేకుంటె హైదరాబాద్ తీస్కపోయి ఎవరికన్న చూపెట్టుండ్రి."

"నాలుగైదు వందలా?" కోటేష్ ఎగతాళిగా నవ్వాడు. "గంత మాటకు ఇన్ని దినాలు పట్టిందా?"

జమ్లి అతని వైపు చేయి ఎత్తి ఆపింది. "నీకెప్పుడు తెల్సింది భాయ్?"

సర్వర్ తల దించుకున్నాడు. "నువ్వు ఇచ్చిపోయిన తెల్లారే."

"మరి?"

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. లోపల పిల్లలెవరో పాఠం వల్లె వేస్తున్నారు.

"చెప్తె నీ పని అయిపోతది గదా. ఇగ రావనుకున్న. నా దుకాణంల కూసోని మాట్లాడేటోళ్లు ఎవ్వరు లేరు జమ్లమ్మా. ఏదో ఒకటి చెప్పి ఆపుకున్న. గంతే. బిళ్ల మీద ఆశ లేదు, అల్లా మీద ఒట్టు."

అరవై ఏళ్ల మనిషి ఇంకొకరి ముందు ఆ మాట అనడం ఎంత కష్టమో కోటేష్‌కు కూడా అర్థమైనట్టుంది. అతను వరండా స్తంభం దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

జమ్లి గాజు పలకలను వెలుగుకెత్తి చూసింది. "సిస్టర్ అబద్ధం ఆడలేదన్నట్టు."

"ఆడలే. విలువంటె పైసలే అనుకుంటె కొంచెమే. కని అది దుప్పట్ల లెక్క బజార్ల కొని పంచేటిది గాదు. వాళ్ల ఇంట్ల పెద్దోళ్ల ఉత్తరం మీదికెళ్లి ఒలిచిందేమో. నాకు తెల్వదు. ఎక్కడికెళ్లి వచ్చినా, దాన్ని ఆమె ఇన్నేండ్లు దగ్గర పెట్టుకుంది. పోయేటప్పుడు నీకిచ్చింది."

జమ్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. అప్పుడు అంది, "ఈ మాట నువ్వు మొదటి దినమే చెప్పినా నేను వస్తుంటి భాయ్. నాకు మాత్రం ఎవరున్నరు మాట్లాడనీకె? నువ్వు నన్ను పని కోసమే వచ్చేదాన్ననుకుంటివి. పనైతే పోయేదాన్ని అనుకుంటివి."

సర్వర్ ఖాళీ రుమాలు మడత పెట్టాడు.

"ఇప్పుడెట్ల రావాలె? వీడు మీ సందుల లొల్లి చేసే వచ్చి ఉంటడు. ఇగ హాస్టల్ల అందరికీ తెలుస్తది. జమ్లి భద్రాచలంల ఎవరి దగ్గర కూసుంటున్నదో అని వార్డెన్ మొన్ననే అడిగింది. నేనీడ పిల్లల నడుమ బతుకుతున్న. నలుగురి నోట్ల పడలేను."

"అవ్," అన్నాడు సర్వర్. "నిజమే."

జమ్లి లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాడు. కోటేష్ ఈసారి మెల్లగా, "దింపి రానా పెద్దాయనా?" అని అడిగాడు. సర్వర్ వద్దని, రోడ్డు దాకా నడిచి, బస్సు కోసం నిలబడ్డాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. భద్రాచలం వచ్చేదాకా ఒకటే ఆలోచన. తను ఆపుకోవాలని చూసిన మనిషి తనంతట తానే వచ్చేదట. ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక్కసారి అడిగితే సరిపోయేది.

తర్వాత కోటేష్ నిజంగానే బిళ్లను హైదరాబాద్ తీసుకుపోయాడు. అక్కడ ఒక వ్యాపారి సర్వర్ చెప్పిన వెలలో సగమే చెప్పాడు. కోటేష్ దుకాణం బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి ఆ ముక్క చెప్పి, "నేనట్ల మాట్లాడకుంట ఉండాల్సింది చాచా," అన్నాడు. "పర్వాలేదు బిడ్డా," అన్నాడు సర్వర్. బిళ్లను చిన్నమ్మ అమ్మనివ్వలేదని, పెట్టెలో పెట్టుకుందని కూడా కోటేష్ చెప్పాడు. సరుకులకు ఇప్పుడు సక్రి అని ఇంకో వర్కర్ వస్తోంది. ఆమెకు ఈ సందుతో పనిలేదు.

చలికాలం మొదలైంది. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు కోటేష్ ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కితే జమ్లి గొంతు. వెనక పిల్లల గోల.

"భాయ్, హాస్టల్ల పిల్లలకు బిళ్ల చూపెట్టిన. ఆ బొమ్మల ఉన్నామె ఎవరు, నెత్తిల ఆ కంకులేంది అని అడుగుతున్నరు. నాకు చెప్పరాలే. నీకు తెలుస్తె చెప్పు."

సర్వర్ రెండుసార్లు విన్నాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని బటన్ అదిమిపట్టాడు.

"ఆమె పేరు సెరెస్ జమ్లమ్మా. పూర్వం అటు దేశాలోళ్లు ఆమెను పంటల తల్లి అని మొక్కేటోళ్లు. చేను పండాలన్నా, ఇంట్ల గింజ ఉండాలన్నా ఆమె దయ అనేటోళ్లు. నెత్తిల గోధుమ కంకులు, ద్రాక్ష గుత్తులు పెట్టుకుంటది. ఆ దేశంల రాజు పోయినంక, రాజు బొమ్మ వద్దని, అందరికీ అన్నం పెట్టే తల్లి బొమ్మ వేసుకున్నరు..."

ఇంకా చెప్పాడు. ఆ బిళ్ల ఎట్లా అచ్చేశారో, పళ్లెందుకు లేవో, జల్లెడ ముద్ర ఎందుకు కొట్టేవాళ్లో. చివర్లో "పిల్లలు బాగున్నరా, నువ్వు బాగున్నవా" అని అడిగి బటన్ వదిలాడు.

కాసేపటికి మెసేజ్ కింద టిక్కు గీతలు నీలంగా మారాయి. విన్నారు. సర్వర్ ఫోన్ బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. జవాబేమీ రాలేదు. ఒకాయన వచ్చి గడియారానికి సెల్లు వేయించుకుని పోయాడు. సందులో ఎండ తగ్గింది. అప్పుడు సర్వర్ తను పంపిన మాటలనే మళ్లీ నొక్కి, మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. అంతసేపు మాట్లాడిన తన గొంతు ఆయనకే కొత్తగా ఉంది.